ఏడో ప్రశ్న

నక్కలగుట్టల జిరాక్సు దుకాణం మీది గది మా కంపెనీ.
దవాఖానలు ఊడ్పిస్తం, తుడిపిస్తం,
మంచాల మీది దుప్పట్లు ఉతికించి ఇస్తం.
పెద్ద దవాఖాన నుంచి మూడు పేజీల ఫారం వచ్చింది.
"అన్నిటికీ లేదు అని టిక్కు కొట్టు, అనసూర్యా,
ఐదింటి లోపట పంపాలె" అన్నడు మొగిలి సారు,
చాయ గ్లాసు ఫారం అంచు మీదనే పెట్టి.

ఆరింటికి కొట్టిన.
ఏడోది: మీకు సరుకో సేవో ఇచ్చేవాళ్ల దగ్గర
ఇష్టం లేకున్నా పనిచేసేటోళ్లు ఉన్నరా?
"ఇష్టముండి ఎవరు చేస్తరు" అని నవ్విండు సారు.
నేనూ నవ్విన.
పెన్ను కదలలే.

జీతాల చిట్టా నా ముందరనే ఉంది.
మడికొండ అవతల, పట్టాల పక్క రేకుల షెడ్డు,
మా దుప్పట్లు తెల్లారేదాక ఉతికేది అక్కడ.
తొమ్మిది పేర్లు, తొమ్మిది సంతకాలు,
అన్నిటికీ ఒక్కటే వంకర.
మా నాయనమ్మ జీడిగింజ రసంతోని
ఇంటింటి బట్టకు ఒక గుర్తు పెట్టేది.
మూడు చుక్కలు కరణపోళ్లయి, గీత మీద గీత గడిది.
అక్షరం రాని ఆమె కన్ను నాకొచ్చింది.
ఈ తొమ్మిదీ మేస్త్రి రాజలింగం చేతివి.

సోమవారం చెప్పకుంట పోయిన.
రక్తపు మరక మీద బ్రష్షు రుద్దుతున్నది ఒక పిల్ల,
వేళ్ల సందులు సోడాకు తెల్లగ ఒరుసుకపోయి.
పేరు సుభద్ర. ఊరు బొలంగీరు దిక్కు.
నాకు ఒరియా రాదు,
ఆమెకొచ్చిన తెలుగు "జల్దీ", "ఇంకెన్ని".
"ఆధార్?" అన్న.
దూలం మీది బిస్కెట్ డబ్బా చూపింది. డబ్బాకు తాళం.
"అడ్వాన్స్?" అన్న.
మూడు వేళ్లు. ముప్పై వేలు.
ఎంత తీరిందని అడుగుదామంటే
ఇద్దరికీ తెలిసిన మాట దొరకలే.

రాజలింగం కుర్చీ వేసిండు, కూల్‌డ్రింక్ తెప్పిచ్చిండు.
"పైసలు తీసుకొని ఉరుకుతరు మేడం, అందుకే కార్డులు."
తర్వాత మెల్లగ:
"దుప్పటికి మీరిచ్చేది నాలుగు రూపాయలు.
సోడాకు రూపాయి, డీజిలుకు రూపాయిన్నర, ఆటోకు అర్ధ.
మిగిలినదాంట్ల ఎంతమంది మనుషులు పడ్తరో
మీరే చెప్పుండ్రి."
ఐదున్నర నుంచి నాలుగుకు దించింది నేనే.
ఆ దినం సారు అందరికీ మిర్చిబజ్జీలు తెప్పిచ్చిండు.
తాళం రాజలింగందే.
ఇనుము కొంచెం మాది.

నాయనమ్మ గడి దుప్పట్లు ఉతికితే
చాటెడు జొన్నలు పోసేటోళ్లు, అవీ పుచ్చినయి.
దాని పేరు వెట్టి. రెండే అక్షరాలు.
మూడు పేజీల ఫారంల ఆ మాట ఎక్కడా లేదు.

ఏడు రూపాయలిచ్చి,
జీతాలు ఒకటో తారీఖు వాళ్ల ఖాతాలనే పడేటట్టు చూస్తే
మాకు నెలకు పద్దెనిమిది వేలు తక్కువ పడ్తది.
సారు రెండు దినాలు మాట్లాడలే.
మూడో దినం "ఒక నర్సింగ్ హోం పోతది" అన్నడు.
పోయింది.
లేబర్ ఆఫీసుకు కాయితం నేను రాసిన,
సంతకం సారు చేసిండు, కింద రెండు గీతలు కొట్టి.

డబ్బా తెరిచిన్రు. అప్పు కొట్టేసిన్రు.
నలుగురు కాజీపేటల రైలెక్కిన్రు.
నలుగురు ఉంటమన్నరు, కార్డులు రొండిల చెక్కుకొని.
కొత్త చిట్టాల ఒకటి మసి బొటనవేలు,
ఒకటి గీత దాటిన గుండ్రటి ఒరియా అక్షరాలు,
ఒకటి కొట్టేసి మళ్ల రాసింది.
ఏ రెండూ ఒక్కతీరు లేవు.

తొమ్మిదో పేరు ముకుంద్.
అధికార్లు వచ్చే ముందటి రాత్రి
ఏదో బండెక్కిచ్చిన్రట.
ఇటుక బట్టీకో, జిన్నింగు మిల్లుకో, ఎవరూ చెప్పరు.
సుభద్ర తమ్ముడు. అందుకే ఆమె రైలెక్కలే.

ఈ ఏడు మళ్ల ఫారం వచ్చింది.
ఏడో ప్రశ్న కాడ సారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు.
"ఏం రాస్తవు?"
రాసిన.
టిక్కు పెట్టే గడి చిన్నది,
ముకుంద్ పేరు అండ్ల పట్టలే,
గడి దాటి బయటికొచ్చింది.